సముద్రం లేని ఊరికి గోదావరే తీరం
శ్రీరాంపూర్ చుట్టుపక్కల కుటుంబంతో ఒక్కరోజులో చూసి రాదగిన ప్రదేశాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

శ్రీరాంపూర్: బొగ్గుబావుల ప్రాంతంలో సెలవుకు ఉన్న విలువ మరెక్కడా ఉండదు. ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11 గంటల షిఫ్టుల నడుమ తిరిగే జీవితంలో కుటుంబమంతా ఒకేచోట కూర్చొనే రోజు ఆదివారం ఒక్కటే. ఆనాడు ప్లే డే డ్యూటీ పడితే అదీ ఉండదు. అటువంటి ఒక్కరోజు చేతికి చిక్కినప్పుడు పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలన్న ప్రశ్న ప్రతి కార్మిక కుటుంబంలోనూ తలెత్తుతుంది. సముద్రతీరం చూడాలంటే ఒక రాత్రంతా రైలులో ప్రయాణించాలి. అయితే గోదావరి, ప్రాణహిత నదులు, కవ్వాల అడవులు, గోండు రాజుల నాటి కోట ఈ ఊరికి చేరువలోనే ఉన్నాయి. ఉదయం బయలుదేరి చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగిన ప్రదేశాల వివరాలివి.

గోదావరి ఒడ్డు

శ్రీరాంపూర్‌కు అన్నిటికంటే చేరువైనది గోదావరే. ఇందారం, గోదావరిఖని మధ్య రాజీవ్ రహదారి వంతెన మీద నిలబడితే నది వెడల్పంతా కనిపిస్తుంది. ఈ తీరం స్వరూపం గత కొన్నేళ్లలో రెండుసార్లు మారింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా దిగువన సుందిళ్ల వద్ద 8.83 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన బ్యారేజీలో 2019 నుంచి నీరు నిలిపారు. దానితో వేసవిలో ఇసుకమేటలు కనిపించే చోట నిండు జలాశయం ఏర్పడింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన పిమ్మట సుందిళ్ల గేట్లను కూడా ఎత్తి ఉంచడంతో నది మళ్లీ పాయలుగా, ఇసుకతిన్నెలుగా మారింది.

ఈ మార్పును సందర్శకులు తప్పక గమనించాలి. నీరు నిలిచిన కాలంలో అడుగున బురద చేరుతుంది. ఇసుక తవ్విన చోట లోతైన గుంటలు ఏర్పడతాయి. పైకి మోకాటి లోతుగా కనిపించే పాయలో రెండడుగులు వేసేసరికి నిలువు లోతు తగలవచ్చు. నిరుడు స్నానం చేసిన చోటే ఈ ఏడాది కూడా క్షేమమని అనుకోరాదు.

ఎల్లంపల్లి జలాశయం

మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట దారిలో హాజీపూర్ మండలం గుడిపేట వద్ద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. ఆవలి ఒడ్డు పెద్దపల్లి జిల్లాకు చెందుతుంది. 2004లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టుకు శాసనసభ మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావు పేరు పెట్టారు. 62 గేట్లు, 148 మీటర్ల పూర్తిస్థాయి నీటిమట్టం, 20.175 టీఎంసీల నిల్వ సామర్థ్యం దీని విశేషాలు. రామగుండం ఎన్టీపీసీకే కాక హైదరాబాద్ నగర దాహార్తికి కూడా ఇక్కడి నీరే వెళుతోంది.

వర్షాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు చూసే దృశ్యం కోసం జనం పెద్దసంఖ్యలో తరలివస్తారు. చలికాలం సాయంత్రాలలో ప్రశాంతమైన జలాశయం కూడా అంతే మనోహరంగా ఉంటుంది. ఈ నీటి కింద కర్ణమామిడి, పడ్తన్‌పల్లి వంటి పల్లెల భూములున్నాయని, అక్కడి ప్రజలు ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలారని పిల్లలకు చెప్పడం మంచిది. గేట్ల దిగువన నదిలోకి దిగడం ప్రాణాంతకం. ఎగువన కడెం నుంచి గాని, శ్రీరాంసాగర్ నుంచి గాని వరద వస్తే ఇక్కడ ఎండ కాస్తున్నప్పుడు కూడా గేట్లు తెరవవలసి వస్తుంది. సైరన్ మోగిన వెంటనే సామాను వదిలి ఒడ్డెక్కాలి.

గాంధారి వనం, గాంధారి ఖిల్లా

చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు అనువైనది గాంధారి వనం. మంచిర్యాల నుంచి మందమర్రి వెళ్లే రహదారిలో బొక్కలగుట్ట సమీపంలో అటవీశాఖ దీనిని తీర్చిదిద్దింది. చెట్ల నీడలో నడక దారులు, పిల్లలు ఆడుకొనే స్థలం ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది విప్పుకొని మధ్యాహ్నం దాకా గడపవచ్చు.

కాస్త నడవగలిగిన వారు అక్కడికి చేరువలోని గాంధారి ఖిల్లాను కూడా చూడవచ్చు. ఇసుకరాతి గుట్టపై గోండు పాలకుల కాలం నాటి కోట ఇది. బండలపై దేవతామూర్తులు, నాగశేషుని రూపం చెక్కి ఉన్నాయి. ప్రతి ఏటా మాఘమాసంలో ఆదివాసీ నాయకపోడ్‌లు ఇక్కడ మైసమ్మ జాతర జరుపుతారు. గోదావరి నుంచి తెచ్చిన జలంతో పూజలు చేస్తారు. జాతర చూడదలచినవారు అది వారి ఆరాధన అన్న మర్యాదతో మెలగాలి. మిగిలిన రోజులలో ఖిల్లా నిర్జనంగా ఉంటుంది. ఒంటరిగా వెళ్లరాదు. రాతిమెట్లు వానకు జారుతాయి. గుట్టపై తాగునీరు దొరకదు.

శివ్వారం మొసళ్లు

ఈ ప్రాంతంలోని పలువురికి తెలియని విశేషం శివ్వారం వన్యప్రాణి సంరక్షణ కేంద్రం. జైపూర్ మండలంలో గోదావరి తీరాన సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో 1978లో దీనిని ప్రకటించారు. ఇక్కడి ఎల్ మడుగులో మగ్గర్ జాతి మొసళ్లు నివసిస్తున్నాయి. మొసలి తన శరీరాన్ని తానే వేడి చేసుకోలేదు. అందువల్ల చలికాలపు ఉదయాన ఎండ కోసం బండలపైకి చేరుతుంది. వాటిని చూడడానికి డిసెంబరు, జనవరి నెలలే అనుకూలం. ఎండాకాలంలో ఇవి ఒడ్డున గోతులు తీసి గుడ్లు పెడతాయి. ఆ సమయంలో ఇసుకతిన్నెలపై తిరగడం అవివేకం. మడుగులో స్నానం చేయడం, చేతులు కడుగుకోవడం, బట్టలు పిండడం కూడదు. మొసలి కనిపించకపోయినంత మాత్రాన నీటిలో లేదని అర్థం కాదు.

చెన్నూరు, ప్రాణహిత

శ్రీరాంపూర్ మీదుగానే సాగే జాతీయ రహదారిలో చెన్నూరు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి పురాతన అగస్త్యేశ్వరాలయం, గోదావరి తీరం చూడదగినవి. దారిలో జైపూర్ వద్ద సింగరేణి 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. తండ్రి తవ్విన బొగ్గు ఎక్కడ కరెంటుగా మారుతుందో పిల్లలకు చూపించవచ్చు. చెన్నూరు దాటి కోటపల్లి మండలంలోకి వెళితే అర్జునగుట్ట వద్ద ప్రాణహిత తీరం. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగిన రేవులలో ఇదొకటి.

నది వెంబడి 136 చదరపు కిలోమీటర్ల ప్రాణహిత అభయారణ్యాన్ని 1980లో కృష్ణజింకల రక్షణ కోసం ఏర్పాటు చేశారు. ఇదే నదీలోయలోని యామనపల్లి పరిసరాలలో భూగర్భ శాస్త్రవేత్తలు రాక్షసబల్లి శిలాజాలను వెలికితీశారు. ఆ ఊరి పేరు కలిపి దానికి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. ఆ అస్థిపంజరం నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. చెలిమె తవ్వినా, రాయి తిప్పినా శిలాజం వంటిది కనిపిస్తే దానిని కదపకుండా అటవీ సిబ్బందికి తెలియజేయాలి.

కవ్వాల, కడెం

మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం సుమారు 60 కిలోమీటర్లు. దారిలో గూడెం గుట్టపై సత్యనారాయణస్వామి ఆలయం ఉంది. కార్తిక పౌర్ణమికి ఇక్కడ వ్రతాలు ఆచరించే భక్తులతో గుట్ట నిండిపోతుంది. అక్కడి నుంచి ముందుకు సాగితే కవ్వాల టేకు అడవులు ప్రారంభమవుతాయి. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఈ అడవి కోర్ ప్రాంతమే 890 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ఇటు వచ్చిపోతుంటాయి. చుక్కల దుప్పులు, మనుబోతులు, కణుజులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు ఇక్కడ సంచరిస్తాయి. జన్నారంలో పర్యాటక సంస్థ హరిత విడిది ఉంది. సఫారీ వాహనాలు నడిచే వేళలను ముందుగా విచారించుకొని వెళ్లాలి. వానాకాలంలో సఫారీలు సాధారణంగా నిలిచిపోతాయి. పులిని చూడాలన్న పట్టుదలతో వెళితే నిరాశే మిగులుతుంది. దుప్పుల గుంపును చూసినా అది మంచి రోజే.

జన్నారం దాటి నిర్మల్ దారిలో కడెం ప్రాజెక్టు వస్తుంది. కుంటాల జలపాతంగా దూకే కడెం వాగే ఇక్కడ 18 గేట్ల జలాశయంగా నిలిచి, ఆపై గోదావరిలో కలుస్తుంది. 2022 జులైలో గేట్ల సామర్థ్యానికి మించిన వరద రావడంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అదే వరదలలో మంచిర్యాలలోని మాతాశిశు ఆసుపత్రిని నీరు చుట్టుముట్టింది. ఎక్కడో అడవిలో కురిసిన వాన మన ఇంటి ముందరి నదిని ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

నీటి వద్ద జాగ్రత్తలు

విహారానికి వెళ్లి విషాదంతో తిరిగివచ్చే కుటుంబాలు ప్రతి ఏటా ఉంటున్నాయి. అందులో ఎక్కువ భాగం నివారించదగినవే.

- పిల్లలు నీటిలో ఉన్నంతసేపు పెద్దలలో ఒకరు వారినే చూస్తూ ఉండాలి. సెల్‌ఫోన్ చూస్తూ కాపలా కాయడం కాపలా కాదు. మునిగేవారు సినిమాలలో వలె కేకలు వేయరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు.
- ఒకరు మునుగుతుంటే ఈత రానివారు వెంట దూకరాదు. ఒకరి కోసం మరొకరు దిగి ఇద్దరూ ప్రాణాలు కోల్పోతున్నారు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను, తాడు, చీర, పొడవాటి కర్ర అందించాలి. తాడు కట్టిన ఖాళీ క్యాను ఒకటి వెంట ఉంచుకుంటే ఖర్చు లేని రక్షణ.
- ఒడ్డుకు చేర్చినవారిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం మానాలి. ఊపిరి ఆడకపోతే నోటితో శ్వాస అందిస్తూ ఛాతీపై నొక్కాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గనులలో ప్రథమ చికిత్స శిక్షణ పొందిన కార్మికులు ఈ విద్యను ఇంటిల్లిపాదికీ నేర్పాలి.
- మద్యం సేవించి నీటిలోకి దిగరాదు. పాచిపట్టిన మెట్లపై స్వీయచిత్రాల కోసం నిలబడరాదు.
- మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఉదయం 10 గంటలలోపు, సాయంత్రం 4 తరువాతే బయట తిరగాలి.
- అడవిలో నిప్పు రాజేయడం, కోతులకు తిండి పెట్టడం, ప్లాస్టిక్ సంచులు వదలడం తగదు.

ఎలా వెళ్లాలి?

చెన్నూరు వైపు బస్సులు శ్రీరాంపూర్ మీదుగానే వెళతాయి. లక్షెట్టిపేట, జన్నారం, కడెం వెళ్లడానికి మంచిర్యాలలో బస్సు మారాలి. రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో 2023 డిసెంబరు 9 నుంచి ఉచిత ప్రయాణ సదుపాయం ఉంది. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. శివ్వారం, గాంధారి ఖిల్లాలకు సొంత వాహనం గాని, ఆటో గాని మేలు. తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి.

సగం రోజే దొరికితే గాంధారి వనం లేదా ఎల్లంపల్లి, పూర్తి రోజు ఉంటే చెన్నూరు, ప్రాణహిత లేదా జన్నారం, కడెం చాలును. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా బండి నడపడం మాత్రం మానుకోవాలి. రెండు గంటలు పడుకొని ఆలస్యంగా బయలుదేరినా గోదావరి అక్కడే ఉంటుంది.