బియ్యంలో ఓనమాల నుంచి నర్సరీ దాకా

తెలుగు నేల మీద బిడ్డను బడిలో వేయడం చాలాకాలం ఇంటి వేడుకగానే సాగింది. అయిదో ఏట మంచిరోజు చూసి, అయ్యవారిని ఇంటికి పిలిచి, పళ్ళెంలో పరచిన బియ్యం మీద బిడ్డ వేలితో ఓనమాలు దిద్దించేవారు. దీన్నే అక్షరాభ్యాసం అంటారు. గృహ్యసూత్రాలు చెప్పే సంస్కారాల్లో ఇది కనిపించదు. వాటిలో చదువుకు తొలిమెట్టు ఉపనయనమే. కౌటిల్యుని అర్థశాస్త్రం మాత్రం రాజకుమారుడికి పుట్టువెంట్రుకలు తీయించాక లిపి, లెక్కలు మొదలుపెట్టాలంటుంది. అయిదో ఏడు అన్న కట్టుబాటు తర్వాతి స్మృతి గ్రంథాలది. ఉపనయనం లేని కులాల్లోనూ అక్షరాభ్యాసం నిలదొక్కుకుంది. దస్తావేజు రాయడం, పద్దు చూడడం వర్తకుడికీ కరణానికీ కాస్తో కూస్తో భూమి ఉన్న రైతుకూ అవసరమే కదా. శాస్త్రం కన్నా బతుకుతెరువే ఈ ఆచారాన్ని ఊరూరా పాకించిందనుకోవడం సబబు.

ఈ వేడుకను కళ్ళకు కట్టినట్టు రాసిపెట్టిన వాడు బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రతి జిల్లాలో బడులెన్ని, చదివేవారెందరు అని కలెక్టర్లను అడిగాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన క్యాంబెల్ అంకెలతో సరిపెట్టుకోలేదు. 1823 ఆగస్టు 17న పంపిన నివేదికలో బడి తీరునంతా వివరించాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. బిడ్డకు అయిదేళ్ళు రాగానే అయ్యవారినీ, ఆ బడిలో చదివే పిల్లలందరినీ తల్లిదండ్రులు ఇంటికి పిలిచేవారట. అందరూ వినాయకుడి ప్రతిమ చుట్టూ కూర్చుంటే, కొత్త బిడ్డను ప్రతిమకు ఎదురుగా కూర్చోబెట్టేవారు. అయ్యవారు ధూపం వేసి, బుద్ధినిమ్మని ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. తల్లిదండ్రులు తాహతుకొద్దీ కానుక ఇచ్చి పంపేవారు. మర్నాడు పొద్దున బిడ్డ బడికి వెళ్ళేవాడు. అలా వెళ్ళేసరికి అయ్యవారూ తోటి పిల్లలూ ముందే తెలిసినవాళ్ళు. బిడ్డ బడికి వెళ్ళకముందే బడి మొత్తం బిడ్డ ఇంటికి వచ్చేది. ఈ ఆచారంలో అన్నిటికన్నా మెచ్చదగినది ఇదే.

ఆ బడి చాలాచోట్ల ఒక ఇంటి అరుగు. అందుకే వీధిబడి అన్నారు. ఆరింటికే మొదలయ్యేది. ముందుగా వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడి చేతిలో సున్న రాసేవారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి పెరిగేది. ఇసుక పరచి అందులో వేలితో అక్షరం దిద్దించేవారు. నోటితో వల్లించడం కాక రాతతోనే అక్షరం పట్టుబడడం యూరప్ పద్ధతికి భిన్నమని క్యాంబెల్ గుర్తించాడు. చెయ్యి తిరిగాక పలక, కడితం, తాటాకు, గంటం వచ్చేవి. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పేవారు. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఇసుకలో రాతను ఇక్కడి బడుల్లో చూసి, పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతితో కలిపి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. శిక్షలు మాత్రం ఏ రకంగానూ మెచ్చుకోదగ్గవి కావు. గుంజీలు, రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీసే కోదండం పసివాళ్ళకు బడి అంటేనే భయం పుట్టించాయి.

మన్రో లెక్క ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉండేవారు. ఇంటి దగ్గర చదివేవాళ్ళను కలిపితే మగపిల్లల్లో మూడోవంతుకు దగ్గరగా చదువు అందుతోందని ఆయన అంచనా. ఆడపిల్లల సంగతి వేరు. బళ్ళారి జిల్లాలోని 533 బడుల్లో 6,641 మంది చదువుతుంటే అందులో ఆడపిల్లలు 60 మందే. ఊరి వెలుపల ఉంచిన కులాల బిడ్డలకు అరుగు మెట్లు ఎక్కే వీలే లేదు. కాబట్టి ఈ వేడుక ఎంత అందమైనదో చెప్పేటప్పుడు ఎవరి ఇంట జరగలేదో కూడా చెప్పాలి. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో పెట్టిన బాలికల పాఠశాల, భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం తెరిచిన బడి ఆ లోటును పూడ్చే పనికి పూనుకున్నాయి.

అయ్యవారి బతుకు అంతంతమాత్రమే. పిల్లవాడికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాలు వచ్చేవి. నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించలేడని, అందుకే తగినవారు ఈ వృత్తిలోకి రావడం లేదని మన్రో రాశాడు. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని, పాటలు పాడుతూ అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. పెద్దలు అయ్యవారికి మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఊరు తన బడిని పోషించుకున్న పద్ధతుల్లో అదొకటి.

నిజాం రాజ్యంలో ముస్లిం కుటుంబాలు బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగో రోజున బిస్మిల్లా వేడుక చేసేవి. ఖురాన్ తొలి పలుకులు చెప్పించి చదువు మొదలుపెట్టే ఈ ఆచారం హైదరాబాదు ఇళ్ళలో నేటికీ ఉంది. తెలంగాణ పల్లెల్లో తెలుగు చదువును ఎక్కువగా ఖానిగి బడులే, అంటే ప్రైవేటు బడులే మోశాయి. 1920లలో ఆ బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి కావడంతో చాలావాటి తలుపులు మూతపడ్డాయి.

బ్రిటిష్ పాలన వీధిబడులకు గ్రాంట్లిచ్చి తన దారిలోకి తెచ్చుకుంది. 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టంతో చదువు స్థానిక బోర్డుల పని అయింది. అప్పటి నుంచి చేర్చడమంటే రిజిస్టరులో పేరు ఎక్కడమే. పుట్టినరోజు తెలియని పిల్లలకు పంతులే ఒక తేదీ వేసేవాడు. కాగితాల మీద జూలై 1న పుట్టిన పెద్దవాళ్ళు తెలుగు ఊళ్ళలో అంతమంది ఉండడానికి కారణం అదే.

అయిదేళ్ళలోపు బిడ్డకూ బడి కావాలన్న ఆలోచన 20వ శతాబ్దిది. 1920లో గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ నడిపిన బడికి మాంటిస్సోరి పేరే పెట్టారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు సాయంతో పల్లెల్లో బాల్వాడీలు వెలిశాయి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీని ఊరూరికీ చేర్చింది. తిండి, టీకాలు, ఆటపాటలు ఒకేచోట దొరకడం పేద తల్లికి చాలా పెద్ద ఆసరా.

పట్టణాల్లో అదే కాలంలో కాన్వెంట్లు పెరిగి నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అన్న వరుస స్థిరపడింది. చేరే వయసు అయిదు నుంచి మూడుకు దిగింది. సీటు కోసం పసిబిడ్డకూ తల్లిదండ్రులకూ ఇంటర్వ్యూలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం అలాంటి వడపోతనూ డొనేషన్లనూ నిషేధించింది. కానీ ఆ చట్టం ఇచ్చే ఉచిత చదువు హామీ ఆరేళ్ళ నుంచే మొదలవుతుంది. మూడు నుంచి ఆరేళ్ళ మధ్య బిడ్డ ఏ బడికి వెళ్ళాలన్నది ఇంటివాళ్ళ జేబు మీదే ఆధారపడింది, ఇది ఈ ఏర్పాటులోని పెద్ద వెలితి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించాక, ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలలతో ముడిపెట్టే మార్పులు మొదలయ్యాయి.

వేడుక మాత్రం పోలేదు. గోదావరి ఒడ్డున బాసరలో వసంత పంచమికి, దసరాల్లో మూలా నక్షత్రం నాడు వేలమంది తల్లిదండ్రులు పలకా బలపంతో బారులు తీరుతారు. తెలంగాణలో జూన్‌లో జరిగే బడిబాటలో ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకుంటారు. ఒకరోజు సర్కారు బడిలోనే సామూహిక అక్షరాభ్యాసం చేయిస్తారు. ఒకప్పుడు అరుగు మెట్లు ఎక్కనివ్వని ఇళ్ళ బిడ్డలు, ఆడపిల్లలు ఇప్పుడు ఆ వరుసలో కూర్చుని అక్షరం దిద్దుతున్నారు.