ముఖదృష్టి నుంచి ప్రతిధ్వని వరకు: అంధుల వినికిడిపై రెండు శతాబ్దాల అన్వేషణ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అంధుల వినికిడి శక్తి గురించి ఐరోపాలో, అమెరికాలో 1749 నుంచి వచ్చిన అభిప్రాయాలను వరుసగా వివరించగలుగుతారు.
• 1944 నాటి కార్నెల్ ప్రయోగాల ప్రాధాన్యాన్ని చెప్పగలుగుతారు.
• ఒక సాక్షి చెప్పిన అనుభవానికీ, ఆ అనుభవానికి అతడిచ్చిన కారణానికీ మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

చూపు లేనివారికి దేవుడు చెవుల్లో రెండింతల శక్తి ఇస్తాడని మన ఊళ్ళలో పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. ఇలాంటి నమ్మకం దాదాపు అన్ని దేశాల్లోనూ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో బో స్ట్రీట్ న్యాయాధికారిగా పనిచేసిన సర్ జాన్ ఫీల్డింగ్ అంధుడు. ఆయన మూడు వేల మంది దొంగలను గొంతు విని గుర్తుపట్టేవాడని చెప్పుకునేవారు. ఆ సంఖ్యను ఎవరూ లెక్కపెట్టి చూడలేదు. అయినా కథ మాత్రం నిలిచిపోయింది.

చరిత్ర విద్యార్థి ఇలాంటి కథను పూర్తిగా నమ్మనక్కరలేదు, కొట్టిపారేయనూ అక్కరలేదు. దాని వెనుక ఉన్న ప్రశ్నను పట్టుకోవాలి. చూపు లేనప్పుడు వినికిడి నిజంగా పదునెక్కుతుందా? పదునెక్కితే అది పుట్టుకతో వచ్చిన వరమా, సాధనతో వచ్చిన నేర్పా? ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరకడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది. అంత కాలం ఎందుకు పట్టిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

2. దిదేరో లేఖ (1749)

ఫ్రెంచి తత్త్వవేత్త దెని దిదేరో 1749లో అంధుల గురించి ఒక దీర్ఘ లేఖను గ్రంథరూపంలో వెలువరించాడు. మన జ్ఞానమంతా ఇంద్రియాల ద్వారానే వస్తే, ఒక ఇంద్రియం లేని మనిషికి ప్రపంచం ఎలా తోస్తుందన్నది అందులోని ప్రధాన ప్రశ్న. దైవం గురించిన సంప్రదాయ వాదాలను కూడా ఆ గ్రంథం ప్రశ్నించింది. ఆ ఏడాది జూలైలో దిదేరోను వెన్సెన్ కోటలో బంధించడానికి ఈ రచన ఒక కారణం.

ఆయన ఊహతో సరిపెట్టుకోలేదు. ప్యుయిజో అనే ఊరిలో పుట్టు అంధుడైన ఒక వ్యక్తిని స్వయంగా కలిసి మాట్లాడాడు. ఆ వ్యక్తి ఒకసారి సోదరుడితో తగవుపడి, చేతికందిన వస్తువును విసిరితే అది సూటిగా ఆ సోదరుడి నుదుటికి తగిలిందట. గొంతు వచ్చిన దిక్కే అతడికి గురి. దగ్గరలో ఏదైనా వస్తువు ఉంటే, ముఖం మీద గాలి తగిలే తీరును బట్టి తెలుస్తుందని కూడా అతడు చెప్పాడు.

ఈ రెండో మాటను గుర్తుపెట్టుకోండి. అడ్డున్న వస్తువు తనకు తెలుస్తోందన్నది అతడి అనుభవం. అది ముఖం మీద గాలి వల్ల తెలుస్తోందన్నది అతడు చెప్పిన కారణం. ఈ రెండింటినీ విడదీసి పరీక్షించే పని అప్పట్లో ఎవరూ చేయలేదు.

3. గబ్బిలాల చిక్కుముడి

ఇదే పొరపాటు మరో రంగంలోనూ జరిగింది. ఇటలీ శాస్త్రవేత్త లజారో స్పల్లాంజాని 1793లో గబ్బిలాలపై ప్రయోగాలు చేశాడు. చూపు పోగొట్టినా గబ్బిలాలు దేనికీ తగలకుండా ఎగిరాయి. జెనీవాకు చెందిన లూయీ జురిన్ వాటి చెవులు మూసి చూస్తే, అవి దారి తప్పి అడ్డంకులకు కొట్టుకున్నాయి. అంటే గబ్బిలానికి దారి చూపేది చెవే.

అయినా ఈ ఫలితానికి ఆదరణ దక్కలేదు. గబ్బిలాలు చప్పుడు చేస్తున్నట్లు మనుషుల చెవికి వినిపించదు. చప్పుడే లేనప్పుడు చెవితో పనేమిటని పండితులు వాదించారు. ఫ్రాన్స్‌లో గొప్ప పేరున్న జీవశాస్త్రవేత్త కువియే, ఇది రెక్కల స్పర్శశక్తి అని తేల్చాడు. ప్రయోగం కన్నా పేరుకే విలువ ఎక్కువైంది. మనిషి చెవికి అందని శబ్దాలను గబ్బిలాలు చేస్తాయనీ, వాటి ప్రతిధ్వనులను వింటాయనీ రుజువు కావడానికి 1938 తరువాత అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్, రాబర్ట్ గాలంబోస్ చేసిన పరిశోధనల వరకు ఆగవలసి వచ్చింది.

పోలిక గమనించండి. గబ్బిలం రెక్కలతో తడుముతుందన్నారు, అంధుడు ముఖంతో తడుముతాడన్నారు. రెండు చోట్లా చెవికి దక్కవలసిన పేరు చర్మానికి దక్కింది.

4. ‘ముఖదృష్టి’ అనే వాదం

పందొమ్మిదో శతాబ్దంలో ఈ భావన మరింత బలపడింది. ఇంగ్లండుకు చెందిన హ్యాంక్స్ లెవీ తానే అంధుడు. 1872లో ప్రచురించిన తన గ్రంథంలో, ఎదురుగా ఉన్నది ఎత్తయినదా పొట్టిదా, ఒంటరి చెట్టా వరుస కంచెనా అన్నది తనకు తెలుస్తుందని రాశాడు. ఈ శక్తి ముఖ చర్మంలోనే ఉందని ఆయన నమ్మకం. తరువాతి కాలంలో దీనికి ‘ముఖదృష్టి’ అనే పేరు స్థిరపడింది.

లెవీ అబద్ధమాడలేదు. అడ్డంకి దగ్గరవుతున్నప్పుడు ముఖం మీద ఏదో నీడ పడినట్లు, మెత్తగా ఒత్తినట్లు అనిపిస్తుందని ఎందరో అంధులు చెప్పారు. అయితే ఒక అనుభూతి ఎక్కడ కలుగుతున్నట్లు తోస్తుందో, దానికి సమాచారం అక్కడి నుంచే రావాలని లేదు. ఈ తేడా తేలాలంటే ముఖాన్నీ చెవినీ వేర్వేరుగా పరీక్షించాలి.

5. కార్నెల్ ప్రయోగాలు (1944)

ఆ పని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. మైకేల్ సూపా, మిల్టన్ కాట్జిన్, కార్ల్ డాలెన్‌బాక్ అనే ముగ్గురు 1944లో తమ ఫలితాలను ప్రచురించారు. వీరిలో సూపా అంధుడు. అంటే అంతవరకు ఇతరులు పరిశీలించే వ్యక్తిగానే ఉన్న అంధుడు, ఇక్కడ పరిశీలించేవారిలో ఒకడయ్యాడు.

ఇద్దరు అంధులు, కళ్ళకు గంతలు కట్టుకున్న ఇద్దరు చూపున్నవారు ప్రయోగంలో పాల్గొన్నారు. పొడవైన హాలులో నడుస్తూ, ముందు అడ్డంకి ఉన్నట్లు తోచగానే చెప్పాలి. తరువాత తగలకుండా వీలైనంత దగ్గరికి వెళ్ళి ఆగాలి. దశలు ఇవి:

మొదటిది: గట్టి నేల మీద బూట్లతో నడిచినప్పుడు అడ్డంకిని దూరం నుంచే పసిగట్టారు. మేజోళ్ళతో తివాచీ మీద నడిచినప్పుడు ఆ దూరం తగ్గింది.

రెండవది: ముఖానికి గాలి తగలకుండా మందపాటి ముసుగు కప్పి, చేతులకు తొడుగులు వేశారు. చెవులకు శబ్దం అందుతూనే ఉంది. అయినా అడ్డంకిని పసిగట్టగలిగారు.

మూడవది: ముఖాన్ని వదిలి చెవులను గట్టిగా మూశారు. ముఖానికి గాలి తగులుతూనే ఉంది. అయినా అడ్డంకిని ఢీకొన్నారు.

నాలుగవది అన్నిటికన్నా తెలివైనది. పాల్గొనే వ్యక్తిని వేరే గదిలో కూర్చోబెట్టారు. హాలులో ప్రయోగకర్త మైకు పట్టుకుని అడ్డంకి వైపు నడిచాడు. ఆ అడుగుల చప్పుడు గదిలోని వ్యక్తికి చెవి ఫోన్ల ద్వారా వినిపించింది. ఆ వ్యక్తి ముఖానికీ హాలులోని గాలికీ ఏ సంబంధమూ లేదు. అయినా అడ్డంకి దగ్గరైన సంగతిని అతడు చెప్పగలిగాడు.

దీంతో ‘ముఖదృష్టి’ నిజానికి వినికిడేనని తేలింది. అదే 1944లో గ్రిఫిన్ అంధులనూ, గబ్బిలాలనూ, రాడార్‌నూ ఒకేచోట చర్చిస్తూ, ప్రతిధ్వనితో స్థానాన్ని గుర్తించే ఈ పద్ధతికి ‘ఎకోలొకేషన్’ అని పేరు పెట్టాడు. మూడేళ్ళ తరువాత వోర్చెల్, డాలెన్‌బాక్ చూపూ వినికిడీ రెండూ లేనివారిని పరీక్షించి, వారిలో ఈ శక్తి లేదని చూపారు.

మీరే చేసి చూడండి: కళ్ళు మూసుకుని ఆపకుండా ‘ష్’ అనండి. అంటూనే ఒక స్టీలు కంచాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చి దూరంగా జరపండి. కంచం దగ్గరయ్యే కొద్దీ శబ్దం తీరు మారడం మీకు తెలుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి రెండు మీటర్ల దూరంలోని గోడ నుంచి ప్రతిధ్వని సుమారు 12 మిల్లీసెకన్లలో తిరిగివస్తుంది. ఇంత తక్కువ వ్యవధిలో అది వేరే శబ్దంగా వినిపించదు. మొదటి శబ్దంలో కలిసిపోయి దాని తీరును మారుస్తుంది. తాము వింటున్నామన్న సంగతి అంధులకే స్పష్టంగా తెలియకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

6. వరమా, సాధనా?

అంధుల చెవి మామూలు చెవికన్నా చిన్న శబ్దాలను వినగలదా? సీషోర్, లింగ్ 1918లో అంధులనూ చూపున్నవారినీ పోల్చి, ఇంద్రియ సున్నితత్వంలో అంధులది పైచేయి కాదని తేల్చారు. తేడా చెవి నిర్మాణంలో లేదు, విన్నదాన్ని వాడుకోవడంలో ఉంది.

అయితే ఆ వాడకం మెదడు మీద ముద్ర వేస్తుంది. పసితనంలోనే చూపు పోయినవారు స్వరాల హెచ్చుతగ్గులను ఇతరులకన్నా బాగా గుర్తించారని 2004లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. చూపు ఎంత త్వరగా పోతే ఆ నేర్పు అంత ఎక్కువ. నాలుకతో టిక్కుమనే శబ్దం చేస్తూ ప్రతిధ్వనులతో దారి తెలుసుకునే ఇద్దరు అంధులను 2011లో థేలర్, ఆర్నాట్, గూడేల్ పరీక్షించారు. వారు ప్రతిధ్వనులు వింటున్నప్పుడు, మామూలుగా చూపుకు పనిచేసే మెదడు భాగం చురుగ్గా ఉంది.

2021లో థేలర్ బృందం 12 మంది అంధులకు, 14 మంది చూపున్నవారికి పది వారాల శిక్షణ ఇచ్చింది. రెండు వర్గాలవారూ మెరుగుపడ్డారు. వయసు అందుకు అడ్డు రాలేదు. వరమే అయితే చూపున్నవారు నేర్చుకోగలిగేవారు కాదు.

ఈ నేర్పుకు హద్దులూ ఉన్నాయి. స్థానాన్ని పోల్చి చెప్పవలసిన కొన్ని పరీక్షల్లో పుట్టు అంధులు చూపున్నవారికన్నా వెనుకబడ్డారు. కాబట్టి అంధులందరి వినికిడీ అన్ని విషయాల్లోనూ గొప్పదనడం శాస్త్రసమ్మతం కాదు.

7. ఈ చర్చ వల్ల ప్రయోజనం

ఇది పండితుల తర్కం మాత్రమే కాదు. నమ్మకాన్ని బట్టి చదువులూ ఉద్యోగాలూ మారాయి. పారిస్ అంధుల పాఠశాలలో చదివిన క్లోద్ మోంటాల్, పియానోకు శ్రుతి చేసే విద్యను పట్టుదలతో సాధించి, 1836లో దానిపై పుస్తకం రాశాడు. ఆయన దారిలో ఐరోపా అంధులెందరికో గౌరవంగా బతికే వృత్తి దొరికింది. కాని అంధుడంటే సంగీతమే అనే ముద్ర కూడా పడింది. లెక్కలు చేయాలనుకున్న పిల్లవాడికి ఆ ముద్ర తలుపు మూసేస్తుంది. పసితనంలోనే చూపు పోయిన నికొలస్ సాండర్సన్ 1711లోనే కేంబ్రిడ్జిలో గణిత ఆచార్యుడయ్యాడన్న సంగతి మరుగున పడుతుంది.

వినికిడిని వరం అనుకున్నవాడు, అది ఎలాగూ వస్తుందిలే అని శిక్షణ మాట ఎత్తడు. నేర్పు అని తెలిసినవాడు శిక్షణ ఏర్పాటు చేస్తాడు. ఆ నేర్పు పనిచేయడానికి అవసరమైన శబ్ద వాతావరణాన్నీ కాపాడతాడు. విద్యుత్ కార్లు నెమ్మదిగా వెళ్ళేటప్పుడు చప్పుడు చేయవు. అందుకే యూరోపియన్ యూనియన్ 2019 జూలై 1 నుంచి కొత్త రకం విద్యుత్ కార్లకు హెచ్చరిక శబ్దాన్ని తప్పనిసరి చేసింది. ఎడతెగని హారన్ల మోతలో మన వీధిన నడిచే అంధుడి ఇబ్బంది దీనికి భిన్నమైనది: అక్కడ శబ్దం లేక చిక్కు, ఇక్కడ శబ్దం ఎక్కువై చిక్కు.

8. సారాంశం

ప్యుయిజో నివాసి, లెవీ ఇద్దరూ తమ అనుభవాన్ని నిజాయితీగా చెప్పారు. కారణం చెప్పడంలో పొరబడ్డారు. అనుభవాన్ని శంకించినవారూ, కారణాన్ని పరీక్షించకుండా అంగీకరించినవారూ ఇద్దరూ సత్యానికి దూరంగానే ఉండిపోయారు. మీరు శాసనం చదివినా, యాత్రికుడి రచన చదివినా, ఊరి పెద్దల జ్ఞాపకాలు సేకరించినా ఇదే పద్ధతి పాటించండి: సాక్షి ఏమి అనుభవించాడో గౌరవంగా నమోదు చేయండి, ఎందుకు అలా జరిగిందని అతడు చెప్పినదాన్ని విడిగా పరీక్షించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ముఖదృష్టి’ అంటే ఏమిటి? ఆ పేరు ఎందుకు సరికాదు?
2. జురిన్ ప్రయోగ ఫలితానికి ఆదరణ దక్కకపోవడానికి కారణాలేమిటి?
3. కార్నెల్ ప్రయోగాల్లో నాలుగో దశ అవసరాన్ని మీ మాటల్లో వివరించండి.
4. మీ ప్రాంతంలో చూపు లేని ఒక వ్యక్తిని అనుమతితో కలిసి, ఆయన శబ్దాల సాయంతో దారి ఎలా తెలుసుకుంటారో అడిగి ఒక పేజీ రాయండి. ఆయన చెప్పిన అనుభవాన్నీ, కారణాన్నీ వేర్వేరు పేరాల్లో ఉంచండి.