కచ్చేరీలో దొరకిన ఆనందము

నిత్యోద్యోగము నీరసమనియు, ఆనందము దానికి వెలుపలనే యుండుననియు పలువురి తలంపు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను జీవితము ఈ తలంపునకు చక్కని సమాధానము.

1798లో కలకత్తాలో జన్మించిన బ్రౌను, 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై మద్రాసు చేరెను. అచ్చట తెలుగు నేర్చినది ఉద్యోగావసరమునకే. 1820లో కడపకు పోయిన పిదప రైతుల మాట, అర్జీల వ్రాత ఆయనకు నిత్యపరిచితములయ్యెను. పనికై నేర్చిన భాషయే క్రమముగా ప్రాణప్రదమయ్యెను.

పగలెల్ల రెవెన్యూ వ్యవహారములు, న్యాయవిచారణలు; తీరిక చిక్కినంతనే తాళపత్రములు. కడపలో తాను కొన్న బంగళాలో పండితులను నిలిపి, తన జీతమునుండియే వారికి వేతనములొసగి, ఒకే కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములు పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఇందులకై అప్పులు చేయుటకును వెనుదీయలేదు. ఊళ్లు మారినను, పదవులు మారినను ఈ కృషి మానలేదు. 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను.

బ్రౌను 1884లో లండనులో కన్నుమూసెను. ఆయన పరిష్కరించిన దస్త్రములను నేడు తలచువారు లేరు. నిఘంటువును తెఱచువారు మాత్రము నేటికిని కలరు. కడపలో ఆయన బంగళా ఉండిన చోటనే ఆయన పేర భాషాపరిశోధన కేంద్రము వెలసినది.

ఆనందమునకై బ్రౌను కొలువు విడిచి పోలేదు. బల్లమీదికి వచ్చిన అర్జీలోని భాషనే ఆదరముతో చదివెను. జీతము కంపెనీ ఇచ్చినది. ఆనందము ఆ భాష ఇచ్చినది.