మేజువాణి – మహలఖాబాయి



మేజువాణి యను మాట చివర 'వాణి' యున్నది గనుక, అది సరస్వతికి సంబంధించిన శబ్దమని భ్రమపడుటకు చక్కని వీలున్నది. కాని యది పారసీకపదము. మేజ్బాన్ అనగా అతిథులను పిలిచి యాదరించు గృహస్థు. మేజ్బానీ యనగా ఆతడు చేయు నాతిథ్యము. కాలక్రమమున విందు పేరు విందునందలి పాటకు సంక్రమించి, తెలుగునోళ్లలో నాని, మేజువాణి యైనది. గోదావరి మండలములయందు పెండ్లియిండ్లను, జమీందారుల దివాణములందును, రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట కలావంతుల మేళము దిగి పాడి యాడుట మేజువాణి. సలాము దరువుతో మొదలిడి, వర్ణము నడిపి, పదములకు జావళులకు దిగునప్పటికి నడిరాత్రి దాటెడిది. విజయనగరమున 1892లో మొట్టమొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కమునందు మధురవాణి యను పాత్ర యంత సజీవముగా నిలిచినదనిన, అట్టి స్త్రీలను, అట్టి సభలను ఆ కాలమువారు ప్రత్యక్షముగా నెఱిగియుండుటయే కారణము.

ఆ పదమునకు పుట్టినిల్లయిన పారసీకసంస్కారము మన తెలుగుదేశమున వేళ్లూనినచోటు హైదరాబాదు. అక్కడ ఆ సభకు మెహఫిల్ అని పేరు. నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది అట్టి మెహఫిల్ ఒకదానిని గూర్చియు, అందు పాడి యాడిన యొక విదుషీమణిని గూర్చియు. ఆమె మహలఖాబాయి, కవితలో ఆమె ముద్ర 'చందా'.

ములుగునుండి వచ్చి నాట్యమును గూర్చి మాటాడువాడనగానే రామప్పగుడి కథ యెత్తుకొనునని మీరెదురుచూచుచుందురేమో. ఆ ములుగు వేఱు. మాది సిద్దిపేట ప్రాంతపు ములుగు. హైదరాబాదునుండి కరీంనగరము పోవు బాటలోనిది. అయినను ఆ శిల్పములను తలపకుండ ముందుకు సాగుట ధర్మము గాదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించి, ఎనిమిది యధ్యాయములలో నాలుగింటిని మార్గనృత్యమునకును, తక్కిన నాలుగింటిని దేశినృత్యమునకును వినియోగించెను. అనగా ఏనుగుల దళమును నడపిన సేనాపతికి నాట్యమును గూర్చి శాస్త్రము వ్రాయుట చిన్నతనముగా తోపలేదు. ఆటపాటలను గూర్చి మాటాడుటయే హీనమన్న భావము మనకు తరువాత వచ్చినది.

మహలఖాబాయి 1768లో జన్మించెను. తల్లి రాజ్ కున్వర్ బాయి. ఆ కుటుంబపు స్త్రీలు గుజరాతు ప్రాంతమునుండి దారిద్ర్యముచేత తరలివచ్చి, దారిలో భగతీయులను ఆటపాటలవారి యండ జేరి, దక్కనునకు వచ్చిరి. మహతాబు అను అక్కగారు నిజామునకు మంత్రియైన రుక్నుద్దౌలా యాదరమునకు పాత్రురాలై, ఈ చెల్లెలిని పెంచినది. మంత్రిగృహమున పెరుగుటచేత చిన్నదానికి గొప్ప గ్రంథాలయము, గొప్ప గురువులు లభించిరి. ఢిల్లీ దర్బారు గాయకుల పరంపరకు చెందినవాడును, రాగములను గూర్చి గ్రంథములు రచించినవాడును అగు ఖుషహాల్ ఖాన్ ఆమెకు సంగీతగురువు. సంగీతనాట్యములతోబాటు గుఱ్ఱపుస్వారియు విలువిద్యయు నేర్చెను. రెండవ ఆసఫ్ జాహి యగు నిజామలీఖాను దండయాత్రలకు పోవునపుడు పరివారముతో ఆమెయు పోయెడిది. మహలఖా యన్న పేరు ఆయన యిచ్చిన బిరుదమే. చంద్రముఖి యని దానియర్థము. ఉమ్రావులలో నామెకు స్థానము కల్పించి, జాగీరులిచ్చెను.

ఇక ఆ రాత్రి మాట. అది 1799 అక్టోబరు నెల. ఆ మే నెలలోనే శ్రీరంగపట్టణము కూలి టిప్పుసుల్తాను మరణించెను. ఆ యుద్ధమున నిజాముసైన్యమును నడపిన మీర్ ఆలమ్ విజయముతో తిరిగివచ్చి హైదరాబాదున గొప్ప ప్రభువై వెలుగుచుండెను. ఆయన యింట నాట్యసభ. సభలో కుంఫిణీవారి యుద్యోగి కెప్టెన్ జాన్ మాల్కము కూర్చుండెను. త్వరలోనే పారసీకదేశమునకు రాయబారిగా పోవలసినవాడు. ఆనాటి మెహఫిళ్ల రీతి మనకు చిత్రపటములవలన తెలియుచున్నది. నేలపై తెల్లని జంపఖానా, గోడవారగా దిండ్లు, సమ్మెలపై దీపములు. సారంగివాడును తబలావాడును కూర్చుండరు. వాద్యములను నడుమునకు గట్టుకొని నర్తకి వెనుక నిలుచుందురు. ఆమె యొక యడుగు ముందుకు వేసిన వారును ఒక యడుగు ముందుకు వేయుదురు. పాడునదియు, ఆడునదియు ఒక్కతెయే. పాటలోని మాటకు కన్ను, చేయి, కనుబొమ్మ అర్థము చెప్పవలయును. ఒకే చరణమును పదిసారులు పాడి పదివిధముల భావము చూపినగాని సభ్యులు తల యూపరు. మన పదాభినయమునందు సంచారి యనునది యిదియే.

నాట్యము నడుచుచుండగా, మహలఖాబాయి తాను రచించిన గజళ్ల వ్రాతప్రతిని తెచ్చి మాల్కమునకు నజరుగా సమర్పించెను. ఆతడా పుస్తకముపై ఈ సంగతిని తన చేతితో వ్రాసికొనెను: ఈ యసాధారణస్త్రీ, తానే ప్రధాననర్తకిగా నున్న నాట్యమధ్యమున, మీర్ ఆలమ్ గృహమున, దీనిని తనకిచ్చెనని యా వ్రాత తాత్పర్యము. ఆ ప్రతి సముద్రము దాటి లండను చేరి, బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

నేనీ చిన్న సంగతియొద్ద కొంచెము నిలిచెదను. మేజువాణిలో ఇచ్చువాడెవడు? గృహస్థు. పుచ్చుకొనునదెవతె? పాటకురాలు. శాలువయో, మొహరీలో, మెడలోని హారమో సభలో ఆమెవైపు పోవుట లోకమెఱిగిన మర్యాద. ఇచ్చట త్రోవ తిరుగబడినది. నజరన్నది చిన్నవారు పెద్దవారికిచ్చు కానుక యగుట నిజమే. కాని యిచ్చిన వస్తువేది? తన యాట గాదు, తన యందము గాదు, తన గ్రంథము. తెల్లవారుసరికి సభ లేచిపోవును, పాట గాలిలో కలిసిపోవును, దొరగారు ఓడ యెక్కుదురు. పుస్తకము మిగులును. ఆమె యప్పటికి ముప్పదియొకటవ యేట నున్నది. ఆ వృత్తిలో నది పడుచుదనపు తుద, పాండిత్యపు నడిమిభాగము. ఏది నిలుచునో, ఏది నిలువదో ఆమె చక్కగా లెక్క వేసికొనియుండునని నా తలపు.

ఆమె గజళ్లు ఒక్కొక్కటి అయిదేసి ద్విపదములు. కడపటిదానిలో చందా యను ముద్రయు, తరచుగా హజ్రత్ అలీ స్తుతియు నుండును. ప్రియుని గూర్చి నాలుగు మాటలు చెప్పి యైదవమాటకు దైవమును పట్టుకొనుట చూడగా నాకు క్షేత్రయ్య జ్ఞప్తికి వచ్చును. ఆయన నాయిక యెంత యలిగినను, ఎంత దెప్పినను, చివరకు మువ్వగోపాలుని పేరు పలుకకుండ విడువదు. క్షేత్రయ్య గోలకొండ పాదుషా యెదుటను పాడితినని తానే యొక పదమున చెప్పుకొనెను. కావున పదమును గజలును ఈ నేలమీద నొకరి మాట నొకరు విననివి కావు. ఉర్దూలో దివాను సంతరించిన తొలిస్త్రీ మహలఖా యని చాలకాలము చెప్పుకొనిరి. ఆమెది 1798లో కూర్చబడినది. లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అను మఱియొక దక్కనుస్త్రీ దివాను దానికంటె ఒక యేడు ముందుది, 1797 నాటిది. మొదటి పీఠము తప్పినంతమాత్రమున చందా కవితకు వచ్చిన కొఱత యేమియు లేదు.

వయస్సు మాట వచ్చినది గనుక ఒక్కటి చెప్పవలసియున్నది. నందికేశ్వరుడు అభినయదర్పణమున పాత్రలక్షణము చెప్పుచు నర్తకి సన్ననిది, రూపవతి, యౌవనవతి కావలెననెను. శాస్త్రమును నేను కాదనను. కాని పదము పాడు సభలలో లోకానుభవము వేఱుగా నున్నది. కాలు అలసిన తరువాతనే కన్ను మాటాడ నేర్చునని మేజువాణి నెఱిగిన రసికులు తలచిరి. పండిన పాటకురాలు చాపపై కూర్చుండి, చేతులతో ముఖముతో మాత్రమే పదమును విప్పిచెప్పుచుండగా, పడుచులు చుట్టును చేరి నేర్చికొనెడివారు. మదరాసున వీణ ధనమ్మాళ్ (1867–1938) చూపు మందగించిన వార్ధక్యమునందును శుక్రవారపు సాయంకాలములు తన యింట సన్నని గొంతుతో, వీణపై, మన తెలుగు పదములు జావళులు పాడెడిది. పేరుమోసిన విద్వాంసులు ఊపిరి బిగబట్టి వినెడివారు. ఆమె కూతురు జయమ్మాళ్ పాడగా, మనుమరాలు బాలసరస్వతి (1918–1984) ఆ పదములనే యభినయించి లోకమంతట కీర్తి గొనెను. అరవయింటి యాడువారు మూడుతరములు కాపాడిన తెలుగుమాటలను మనము తెలుగునాట కాపాడుకొన్నది తక్కువ.

మహలఖాబాయి తరువాతి చరిత్రము చెప్పవలసినంత దీర్ఘమైనది కాదు. నిజామలీఖాను 1803లో గతించెను, మీర్ ఆలమ్ 1808లో గతించెను. మహారాజా చందూలాలు కాలమున నామె ప్రతిష్ఠ తగ్గలేదు. గులామ్ హుసేన్ జౌహర్ అను పండితునిచే చరిత్రగ్రంథము వ్రాయించెను. మౌలాలి గుట్ట పాదమున తల్లికి 1792లోనే సమాధి కట్టించి, నాలుగు భాగముల తోట వేయించియుండెను. 1824లో తానును అచ్చటనే పూడ్చబడెను. ఆస్తిని దిక్కులేని స్త్రీలకు చెందునట్లు చేసెనని చెప్పుదురు. ఆమె జాగీరులలోనిది అడిక్‌మెట్టు; 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము తరువాత విస్తరించినది ఆ భూములమీదనే. వేలకొలది విద్యార్థులు నడచు నేల యొకనాడొక పాటకురాలి మడిమాన్యమని పాఠములలో చెప్పుట నేను వినలేదు.

ఆ మౌనమునకు హేతువు కలదు. 1893లో మదరాసునందలి సంఘసంస్కర్తలు గవర్నరునకును రాజప్రతినిధికిని, భోగమువారి మేళము గల సభలకు పోవలదని విన్నపము పంపిరి. వీరేశలింగము పంతులుగారును మన దేశమున నా పోరాటము గట్టిగా నడపిరి. బాలికలను గుడికి కట్టిపెట్టి, వారి బ్రదుకును ధనికుల యిచ్చకు విడుచుట ఘోరము. దానిని మాన్పవలెననుటలో సంస్కర్తలదే న్యాయము. 1947లో మదరాసు ప్రభుత్వము చేసిన దేవదాసీ నిషేధశాసనమును నేను తప్పుపట్టను. కాని బంధమును తెంచు కత్తి తంతిని గూడ తెంచినది. సభలకు పిలిచి, శాలువలు కప్పి, తెల్లవారిన తరువాత ముఖము తిప్పుకొన్న పెద్దమనుష్యుల నే శాసనమును ముట్టలేదు. గొంతు మూగవోయినది ఆడువారికే. 1946 ప్రాంతమున రేడియోయందును అట్టి నియమమే వచ్చినది: వ్యక్తిగతజీవితము లోకాపవాదమునకు గుఱియైనదన్న స్త్రీలకు పాడుట కవకాశము లేదనిరి. ఆ అపవాదు కలిగించినవారికి మాత్రము ఉపన్యాసములకు అడ్డు లేకపోయినది. ఇదే యంత్రముముందు కూర్చుండి నేడు నేనీ మాట చెప్పుచున్నాను.

గ్రంథములకును ఆ గతియే పట్టినది. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున (1739–1763) ముద్దుపళని రాధికాసాంత్వనము రచించెను. ఆమె మహలఖాకు ముందుతరమువారు. ఆమెయు వేశ్యాకులమునుండి వచ్చిన విదుషియే. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యములు తీసివేయబడినవి. బెంగుళూరు నాగరత్నమ్మగారు, తానును సంగీతవిద్వాంసురాలు, వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, 1910లో సంపూర్ణముగా ప్రకటించిరి. ప్రభుత్వము 1911లో దానిని నిషేధించెను. ప్రకాశము పంతులుగారి కాలమున, 1947లో నిషేధము తొలగినది. అనగా ముప్పదియాఱు సంవత్సరములు ఒక స్త్రీ పద్యములు చదువుట నేరముగా నుండెను. అదే నాగరత్నమ్మగారు తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించుటకు తన నగలమ్ముకొనిరి, 1952లో పరమపదించిరి.

మౌలాలిలోని తోట చాలకాలము పాడుపడియుండి, 2010-11లో అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో బాగుచేయబడినది. ఉస్మానియా పరిసరములందు ఆమె పేర నొక మెట్లబావియు నున్నది. రజబు నెల పదునేడవనాటి ఉత్సవమునకు గుట్ట యెక్కువారు, ఎక్కుటకు ముందు క్రింద నెడముగా నున్న యా ద్వారమున తొంగిచూడవచ్చును. తల్లి సమాధి ప్రక్కనే కూతురి సమాధి కనబడును.