తూనిక, కొలత, రాశి: తెలుగులో పరిమాణ భావన

‘తూనికలు, కొలతలు’ తెలుగులో విడదీయని జంట. ప్రభుత్వ శాఖ పేరులోనూ ఆ జంటే నిలిచింది. అయినా ఇవి పర్యాయపదాలు కావు. కొలత వస్తువు ఆక్రమించే చోటును చెబుతుంది; తూనిక అందులోని పదార్థాన్ని మరొక పదార్థంతో పోలుస్తుంది. భౌతికశాస్త్రం ఘనపరిమాణం, ద్రవ్యరాశి, భారం అని వేరుచేసిన భావనలకు తెలుగు వ్యవహారంలో ఉన్న పునాదిని, అది చెదిరిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ధాన్యాన్ని పాత్రతో కొలిచేవారు. కోస్తా వ్యవహారంలో 4 సోలలు మానిక, 4 మానికలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. ప్రాంతాన్ని బట్టి ఈ లెక్క మారేది. కొలత పేరు నేలకూ సంక్రమించింది: పుట్టి విత్తనం పట్టే పొలం పుట్టెడు పొలం. ‘పుట్టెడు దుఃఖం’, ‘గంపెడాశ’ వంటి పలుకుబళ్లలో మనోభావాలు సైతం పాత్రకెక్కాయి. బాధ్యత మాత్రం ‘బరువు’ అయింది. కంటికి కనిపించే పరిమాణం ఒకటి, భుజానికి తెలిసే భారం మరొకటి అన్న ఎరుక ఈ వాడుకలో ఉంది.

తూకానికి మానం వేరు. 120 తులాలు వీశె, 8 వీశెలు మణుగు. వీశె నేటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. ‘తులం’ అన్న పేరుకు మూలం ‘తుల’, అంటే త్రాసు. త్రాసు రెండు పళ్లేలపైనా గురుత్వాకర్షణ సమానంగా పనిచేస్తుంది. గురుత్వం భూమిపై ఉన్నదానిలో ఆరో వంతే ఉండే చంద్రుడిపై కూడా వీశె రాయికి వీశె బెల్లమే తూగుతుంది. కనుక త్రాసు తూకం శాస్త్రార్థంలో భారం కాదు, ద్రవ్యరాశి.

‘రాశి’ కళ్లంలోని ధాన్యపు కుప్ప. గణితంలో అదే పదం సంఖ్యాపరిమాణమైంది. 11వ శతాబ్దివాడని ఎక్కువమంది పరిశోధకులు భావించే పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. తెలిసిన మూడు రాశుల నుంచి తెలియని నాలుగోదాన్ని రాబట్టే త్రైరాశికం ఆ గణిత సంప్రదాయంలోనిది. న్యూటన్ 1687లో ద్రవ్యరాశిని పదార్థపు పరిమాణంగా నిర్వచించాడు. ‘ద్రవ్యం’, ‘రాశి’ కలిసిన తెలుగు పారిభాషిక పదం ఆ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది.

1956 నాటి కేంద్ర చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చింది. వీశె, మణుగు క్రమంగా వెనుకబడ్డాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్ పరిసరాలలో నేడు నేల విలువ విత్తనంతో కాక గజాలతో నిర్ణయమవుతోంది. అంగళ్లలో త్రాసు స్థానాన్ని ఎలక్ట్రానిక్ కాటా ఆక్రమించింది. కాటా పోల్చదు, తనపై పడే బలాన్ని గ్రహించి కిలోలుగా చూపుతుంది. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ వద్ద సుమారు 9.78, ధ్రువాల వద్ద 9.83 మీటర్లు/సెకను². అందువల్ల సున్నితమైన కాటాను వాడేచోట ప్రమాణపు రాయితో సరిచూడవలసి ఉంటుంది. త్రాసుకు ఈ అవసరం లేదు.

పరికరం మారినా ‘తూకం’ అన్న మాట మారలేదు. దాని లోపలి అర్థం పోలిక నుంచి బలానికి జరిగింది. విద్యార్థికి ద్రవ్యరాశి, భారం ఒకటిగా తోచడానికి ఇది ఒక కారణం కావచ్చు. ద్రవ్యరాశి పాఠాన్ని నిర్వచనంతో కాక త్రాసుతో, కళ్లపు రాశితో ఆరంభిస్తే, ఆ సమాసం అతనికి పరాయి మాటగా వినిపించదు.