సిపాయిలుగా ఉన్నాం, మరి ఆఫీసర్లుగా?

భీమా కోరేగావ్ మీద రాసిన భాగం చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న అడిగారు. "సర్, ఉద్యోగం చేసుకుంటూనే సైన్యంలో ఆఫీసర్ కావొచ్చంటున్నారు, నిజమేనా? ఎప్పట్నుంచి తయారు కావాలి?" నిజమే. దాని పేరు టెరిటోరియల్ ఆర్మీ. అవసరం వచ్చినప్పుడు పిలిస్తే వెళ్లే రిజర్వు దళం. దారి ఎలా ఉంటుందో చెప్తాను. కానీ ఆ దారి ఎవరు వేశారు, ఎవరి కాళ్ల కొలతకు వేశారు అన్నది ముందు తెలియాలి. అది తెలియకుండా దరఖాస్తు పెడితే, మధ్యలో ఆగిపోయినప్పుడు తప్పు మనదే అనుకుంటాం.

1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడి చనిపోయిన మహర్ల పేర్లు ఆ స్తంభం మీద ఉన్నాయి. 1927లో అదే తేదీన బాబాసాహెబ్ అక్కడికి వెళ్లారు. ఆ పేర్లన్నీ కింది హోదాల వాళ్లవి. కంపెనీ సైన్యంలో భారతీయుడు ఎంత ఎదిగినా సుబేదార్, సుబేదార్ మేజర్ దగ్గర ఆగేవాడు. ఇరవై ఏళ్ల సర్వీసున్న సుబేదార్ కూడా నిన్న ఓడ దిగిన తెల్ల కుర్రాడికి సెల్యూట్ కొట్టాల్సిందే.

అయినా ఆ సుబేదార్ ఇంట్లో ఒకటి ఉండేది, చదువు. ఊళ్లో బడి గడప తొక్కనివ్వని పిల్లలకు కంటోన్మెంట్ బడిలో అక్షరం దొరికింది. రామ్‌జీ సక్పాల్ సుబేదార్, సైనిక బడిలో ఉపాధ్యాయుడు. ఆయన కొడుకు 1891లో పుట్టింది మౌ కంటోన్మెంట్‌లో. ఆ కొడుకు పేరు మీకు చెప్పక్కర్లేదు. అంటే సైన్యం మనవాళ్లకు జీతం మాత్రమే కాదు, నిచ్చెన కూడా.

మన వైపు కథా ఇలాంటిదే. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని ఒకప్పుడు "తిలంగా" అనేవాళ్లు. మన తీరం నుంచి వెళ్లిన సిపాయిలను బట్టి పడిన పేరది. మద్రాసు సాపర్లలో పరయర్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనాధిపతులు "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతాన్ని తలకెత్తుకున్నారు. ఉత్తరాది వాడే వీరుడు, దక్షిణాది వాడు పనికిరాడు, అంటరానివాడు అసలే వద్దు. తెలుగువాళ్ల పటాలాలు కరిగిపోయాయి. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆగిపోయింది. పెన్షన్ తీసుకున్న సైనికుడు గోపాల్ బాబా వాలంగ్‌కర్ 1894లో దాని మీద అర్జీ రాశారు. 1910లో శివరామ్ జానబా కాంబ్లే లండన్‌లోని భారత మంత్రికే విన్నపం పంపించారు. వాళ్లు అడిగింది ఆఫీసర్ కుర్చీ కాదు. వెనకటిలా సిపాయిగానైనా తీసుకోండి అని. ఆ అర్జీల వయసు కాంగ్రెస్ తీర్మానాల వయసంతే ఉంటుంది గానీ, మన పాఠ్యపుస్తకాల్లో వాటికి ఒక వాక్యం కూడా దొరకదు.

ఇక్కడే తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహర్ల పటాలం లేపారు. యుద్ధం అయిపోయాక, 1921కల్లా ఎత్తేశారు. అదే 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ కింద యూనివర్సిటీ విద్యార్థులకు సైనిక శిక్షణ మొదలైంది. 1918లో శాండ్‌హర్స్ట్‌లో ఏడాదికి పది సీట్లు భారతీయులకు ఇచ్చారు. అవి దక్కింది నామినేషన్ మీద, "మంచి కుటుంబం" అనిపించుకున్న వాళ్లకు. 1920లో రెండు చట్టాలు వచ్చాయి. తెల్లవాళ్ల కోసం ఆక్సిలరీ ఫోర్స్, మిగతావాళ్ల కోసం ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్. ఈ రెండోదాని కిందే కాలేజీల్లో యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ వచ్చింది.

అంటే ఒకే నాలుగైదేళ్లలో ఊరి చివర గూడెం నుంచి కంటోన్మెంట్‌కు వెళ్లే తలుపు మూశారు, కాలేజీ నుంచి కవాతు మైదానానికి వెళ్లే తలుపు తెరిచారు. 1920లో కాలేజీలో ఎవరున్నారు? అంటరానివాళ్లలో పట్టభద్రులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రిజర్వు ఆఫీసర్ అనే మనిషిని మొదట్నుంచీ ఇలాగే ఊహించారు: డిగ్రీ ఉంటుంది, ఇంగ్లిష్ వస్తుంది, వేరే సంపాదన ఉంటుంది, సెలవు దొరుకుతుంది. మన కులం పేరు రాసి నిషేధించాల్సిన అవసరమే రాలేదు. ఈ నాలుగు షరతులే సరిపోయాయి.

రెండో యుద్ధం మళ్లీ మనుషులను అడిగింది. 1941 జులైలో బాబాసాహెబ్ రక్షణ సలహా సంఘంలో సభ్యుడయ్యారు. అదే అక్టోబరులో బెల్గాంలో మహర్ రెజిమెంట్ మొదలైంది. దాని తొలి టోపీ బ్యాడ్జి మీద కోరేగావ్ స్తంభం ఉండేది. చమార్ రెజిమెంట్ 1943లో వచ్చింది, బర్మా వైపు పోరాడింది, 1946లో దాన్నీ ఎత్తేశారు.

ఆ మహర్ రెజిమెంట్‌లోకే 1942లో ఒక తెలుగు యువకుడు ఆఫీసర్‌గా వెళ్లారు, కె.వి. కృష్ణారావు. 1981లో దేశ సైన్యాధిపతి అయ్యారు. 1986లో సైన్యాధిపతి అయిన సుందర్జీ కూడా మహర్ రెజిమెంట్ ఆఫీసరే. మహర్ల పేరున్న రెజిమెంట్ ఇద్దరు సైన్యాధిపతులను ఇచ్చింది. ఇద్దరూ మహర్లు కారు. ఇది వాళ్ల తప్పు కాదు, వాళ్ల ప్రతిభ మీద నాకు తగాదా లేదు. సిపాయి ఏ కులం అన్నది రెజిమెంట్ పేరు చెప్పింది. ఆఫీసర్ ఎక్కణ్నుంచి వస్తాడన్నది కాలేజీ చెప్పింది. నా గొడవ దీనితోనే.

స్వాతంత్ర్యం తర్వాత 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం, ఎన్‌సీసీ చట్టం రెండూ వచ్చాయి. 1949 అక్టోబరు 9న రాజాజీ టెరిటోరియల్ ఆర్మీని ప్రారంభించారు. జెండా మారింది, ఊహించిన మనిషి మాత్రం మారలేదు. సైన్యంలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. పేపర్లో ధోనీ యూనిఫాం ఫోటో చూసి ఇది సెలబ్రిటీల వ్యవహారం అనుకోకండి. అది గౌరవ హోదా. సచిన్ పైలట్, అనురాగ్ ఠాకూర్ లాంటి నాయకులు ఎంపిక దాటి వెళ్లారు. మీరు వెళ్లాల్సిందీ ఆ ఎంపిక దారినే.

ఇక దారి. వయసు 18 నుంచి 42. డిగ్రీ ఉండాలి. ఏదో ఒక సంపాదన ఉండాలి, ఉద్యోగమైనా స్వయం ఉపాధి అయినా. రాతపరీక్షలో రీజనింగ్, లెక్కలు, జనరల్ నాలెడ్జ్, ఇంగ్లిష్. ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. లెక్కల్లో 90 తెచ్చుకుని ఇంగ్లిష్‌లో 35 దగ్గర ఆగితే పోయినట్టే, ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత ప్రాథమిక ఇంటర్వ్యూ బోర్డు, ఆ తర్వాత అయిదు రోజుల ఎస్‌ఎస్‌బీ, వైద్య పరీక్ష. ఎంపికైతే లెఫ్టినెంట్. మొదటి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ, ప్రతి ఏడాదీ రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్లలోపు డెహ్రాడూన్ ఐఎంఏలో మూడు నెలలు. చెల్లెళ్లకు కూడా దారి ఉంది, 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో తెరుచుకుంది. నిబంధనలు మారుతుంటాయి, ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది పూర్తిగా చదవండి.

ఎస్‌ఎస్‌బీ అంటే మనవాళ్లు హడలిపోతారు. దాని పుట్టుక తెలిస్తే అంత భయం ఉండదు. పాత పద్ధతిలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని నీ బడి ఏది, మీ నాన్న ఎవరు అని అడిగి ఆఫీసర్లను ఎంచేవాళ్లు. దాని మీద బ్రిటన్‌లోనే గోల లేచి, యుద్ధకాలంలో మానసిక పరీక్షలు, గుంపు పనులు పెట్టారు. 1943లో ఆ పద్ధతి ఇక్కడికొచ్చింది. అంటే కనీసం కాగితం మీద అది మీ నాన్న ఎవరో అడగకుండా మిమ్మల్ని చూడటానికి పుట్టిన పరీక్ష. బొమ్మ చూపిస్తే కథ రాయాలి, మాట ఇస్తే వాక్యం రాయాలి, కొత్తవాళ్లతో కలిసి తాళ్లు, దుంగలతో అడ్డంకి దాటాలి. హాస్టల్లో ముప్పై మందికి మెస్ నడిపిన పిల్లలకు, జయంతి సభకు చందాలు పోగుచేసి లెక్క అప్పజెప్పిన పిల్లలకు ఇందులో తెలియనిది చాలా తక్కువ. తెలియనిది భాష. తెలుగుకు అక్కడ చోటు లేదు. అందుకే డిగ్రీ మొదటి ఏడాదిలోనే రోజుకో అరగంట ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టండి. సిగ్గుపడితే పదేళ్లయినా రాదు.

అదే మొదటి ఏడాది ఎన్‌సీసీలో చేరండి. రెండేళ్లకు బి, మూడేళ్లకు సి సర్టిఫికెట్. టెరిటోరియల్ ఆర్మీకి అది తప్పనిసరి కాదు. కానీ సి సర్టిఫికెట్ ఉంటే 25 ఏళ్లలోపు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి వెళ్లొచ్చు. అది చెన్నైలో శిక్షణతో వచ్చే పూర్తికాల కమిషన్. అది అందకపోతే 42 దాకా ఈ రెండో దారి ఉంటుంది. లెక్చరర్లు కావాలనుకునేవాళ్లకు ఇంకొకటి: కాలేజీలో ఎన్‌సీసీ నడిపే అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ కూడా శిక్షణ పొందిన లెక్చరరే. మీ కాలేజీలో ఇప్పటిదాకా ఆ పని చేసినవాళ్ల పేర్లు ఒకసారి అడిగి చూడండి.

అసలు చిక్కు సంపాదన షరతు దగ్గర. పీహెచ్‌డీ చేసి గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లలో మనవాళ్లెంతమందో నేను రోజూ చూస్తున్నాను. సైనిక సేవకు పిలిస్తే తిరిగి పనిలోకి తీసుకోవాలని 1948 చట్టం ఏడో సెక్షన్ యజమానికి చెప్తుంది. పర్మనెంట్ ఉద్యోగికి అది రక్ష. ప్రతి జూన్‌లో కొత్తగా ఆర్డర్ కోసం ఎదురుచూసేవాడు రెండు నెలలు క్యాంపుకు వెళ్లొస్తే ఏ సెక్షన్ చూపించి నిలబడతాడు? బ్యాంకులో, రైల్వేలో, బడిలో పర్మనెంట్ పోస్టు తెచ్చుకున్న మన పిల్లలు ఉద్యోగం రాగానే పుస్తకాలు కట్టేయకుండా, ఆ ఏడాదే ఈ పరీక్షకు కూర్చోవాలని నేనడుగుతున్నది అందుకే.

రాతపరీక్ష పాత పేపర్లు ముందేసుకుని ఎలా చదవాలో వచ్చే భాగంలో రాస్తాను. ఎస్‌ఎస్‌బీకి వెళ్లొచ్చినవాళ్లుంటే, ఎంపిక కాకపోయినా సరే, అక్కడ ఏం జరిగిందో కామెంట్లలో రాయండి. వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

జై భీమ్.