గట్టు మీది పువ్వు, చేలోని చావు

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలకు చేలే ఎండిపోయాయి. లేత ఆకుల మీద మచ్చలు లేచేవి, మొవ్వు మాడేది, కాండం నల్లబడేది. లేతగా ఉండగా తెగులు సోకిన మొక్క ఇక బతికేది కాదు. దాదాపు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. వానను నమ్ముకుని వేరుశనగ తప్ప మరో పంట ఎరగని పల్లెలకు అదెంత దెబ్బో అంకెలు చెప్పలేవు.

చూసినవాళ్లు మొదట మొవ్వుకుళ్ళు అనుకున్నారు. ఆ తెగులు మనకు పాతదే, దాన్ని మోసేది తామర పురుగు అనే చిన్న కీటకం. కానీ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో పరీక్షిస్తే మొవ్వుకుళ్ళు వైరస్ జాడే లేదు. దొరికింది టొబాకో స్ట్రీక్ వైరస్. 1936లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ జాన్సన్ పొగాకు మీద గుర్తించి వివరించిన వైరస్ అది. 1997లో అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే కర్ణాటక బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడును ఎండబెట్టిందీ ఇదేనని తేలింది. కొత్త తెగులుకు కాండం కుళ్ళు అని పేరు పెట్టారు.

రెండింటినీ మోసేది తామర పురుగే అయినా మోసే తీరు వేరు. మొవ్వుకుళ్ళు వైరస్‌ను పిల్ల పురుగు ఆకు రసంతో పాటు లోపలికి తీసుకుంటుంది. అది పురుగు ఒంట్లోనే పెరుగుతుంది, పెద్దయ్యాక ఆ పురుగు బతికినన్నాళ్లూ మొక్కలకు అంటిస్తుంది. కాండం కుళ్ళు వైరస్‌కు పురుగు ఒళ్లు అక్కర్లేదు, దాని ఒంటికి అంటుకున్న పుప్పొడి చాలు. పురుగు ఆకును గీరి రసం పీల్చేటప్పుడు ఆ గాయం మీద పుప్పొడి రాలుతుంది, అందులోని వైరస్ మొక్కలోకి దిగుతుంది.

ఆ పుప్పొడి ఎక్కువగా వచ్చేది వయ్యారిభామ నుంచి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ కలుపును 1950లలో పుణెలో గమనించారు. దిగుమతి గోధుమల వెంట వచ్చిందని చాలామంది చెబుతారు. వైరస్ ఒంట్లో ఉన్నా ఈ మొక్క మీద ఏ లక్షణమూ కనబడదు. పచ్చగా నిలబడి, తెల్లగా పూస్తూనే ఉంటుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ సంగతే: చేలో చచ్చే మొక్క అందరికీ కనిపిస్తుంది, గట్టు మీద బతికే మొక్కను ఎవరూ అనుమానించరు.

ఊరట కలిగించే విషయమూ ఉంది. వేరుశనగ పుప్పొడి పువ్వులోనే మూసుకుని ఉంటుంది గనుక చేలో ఒక మొక్క నుంచి మరో మొక్కకు ఈ తెగులు పాకదు. విత్తనం ద్వారానూ రాదు. ప్రతి రోగపు మొక్కకూ వైరస్ బయటి నుంచే వచ్చి ఉండాలి. అందుకే లేత మొక్కలను పురుగు నుంచి కాపాడేందుకు ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేయమంటారు, గాలికి కొట్టుకొచ్చే పురుగులను ఆపడానికి చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ సాళ్లు వేయమంటారు. సోకిన మొక్కలను పీకి పారేసినందువల్ల మాత్రం పెద్ద లాభం లేదు. పీకాల్సింది వయ్యారిభామను, అదీ పూతకు రాకముందే. ఒక్క రైతు తన గట్టు బాగుచేసుకుంటే సరిపోదు. బీళ్లలో, రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద అది పూస్తుంటే పుప్పొడి గాలివాటున చేలోకి వస్తూనే ఉంటుంది. ఆ పని ఊరంతా కలిసి, తొలకరికే మొదలుపెట్టాలి.